పెద్ద జబ్బు, చిన్న వయసు, థీమ్ పార్కు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

చికిత్సలో ఉన్న చిన్నపిల్లల్ని థీమ్ పార్కుకు తీసుకెళ్లడం గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి పిల్లల వైద్య బృందం ఇస్తున్న జవాబులివి. మందు డోసు మార్చాలన్నా, వెళ్లాలా వద్దా అని తేల్చాలన్నా మీ బిడ్డను చూస్తున్న డాక్టరు మాటే ఆఖరు.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. ఏఎల్ఎల్ రకం బ్లడ్ క్యాన్సర్‌కు మెయింటెనెన్స్ చికిత్స (జబ్బు తిరగబెట్టకుండా చివర్లో చాలాకాలం ఇచ్చేది) నడుస్తోంది. పార్కుకు వెళ్దామని ఒకటే గొడవ. డాక్టరుగారేమో "కౌంట్స్ బాగుంటే వెళ్లండి" అన్నారు. ఎంతుంటే బాగున్నట్టు? ఏ వారం వెళ్తే మంచిది?

జవాబు: కౌంట్స్ అంటే రక్తంలోని కణాల లెక్కలు. రక్త పరీక్ష రిపోర్టులో చూడాల్సినవి రెండు. మొదటిది ఏఎన్‌సీ, అంటే బ్యాక్టీరియాను ఎదుర్కొనే న్యూట్రోఫిల్ కణాల లెక్క. అది 500 లోపుంటే జనంలోకి వెళ్లే ఆలోచనే వద్దు. 1000 దాటితే చాలామంది డాక్టర్లు సరేనంటారు. ఈ రెంటికీ మధ్య ఉంటే ఫోన్ చేసి అడగాల్సిందే. పెరుగుతూ 700కు చేరడం వేరు, పడిపోతూ 700కు రావడం వేరు. రెండోది ప్లేట్‌లెట్స్, అంటే రక్తం కారకుండా గడ్డకట్టించే కణాలు. అవి 50,000 లోపుంటే కుదుపులున్న రైడ్లు, ఒకళ్లనొకళ్లు గుద్దుకునే కార్లు, గాలి నింపిన గెంతుడు బొమ్మలు మానేయాలి.

ఆ రిపోర్టు వెళ్లే ముందు రెండు మూడు రోజుల్లో చేయించినదై ఉండాలి. రెండు వారాల కిందటి కాగితం చూసుకుని బయల్దేరేవాళ్లే ఎక్కువ. మధ్యలో ఒక్క వైరల్ జలుబు వచ్చినా కౌంట్స్ పడిపోతాయి. అందుకే తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

వారం ఎంచుకోవడానికి మందుల క్యాలెండర్ ముందు పెట్టుకోండి. స్టీరాయిడ్ నడిచే అయిదు రోజుల్లో పిల్లలకు విపరీతమైన ఆకలి, చిరాకు, ఉన్నట్టుండి ఏడుపు ఉంటాయి. అది ఆపిన రెండు మూడు రోజులు నీరసం. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు ఎక్కించాక వారం పైచిలుకు కాళ్ల నొప్పులు, దవడ నొప్పి, మలబద్ధకం బాధపెట్టొచ్చు. వెన్నులో సూదితో మందు ఇచ్చాక తలనొప్పి రావచ్చు. ఇవన్నీ తీసేస్తే, నెలకోసారి విన్‌క్రిస్టిన్ ఇచ్చే పద్ధతిలో, తర్వాతి డోసుకు ముందు వారమే చాలామంది పిల్లలకు హుషారైన వారం.

జ్వరం విషయంలో రాజీ లేదు. ఒక్కసారి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించినా, 100.4 గంటసేపు అలాగే ఉన్నా పార్కు అక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్లాలి (మీ ఆసుపత్రి ఇంతకంటే తక్కువ అంకె చెప్పి ఉంటే అదే పాటించండి). డాక్టరుతో మాట్లాడకుండా పారాసిటమాల్ వేయొద్దు. అది జ్వరాన్ని కప్పేస్తుంది, ఇన్ఫెక్షన్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. థర్మామీటర్ చంకలో పెట్టండి, ఆసనంలో వద్దు. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ మొదలవ్వాలన్నది ఇలాంటి పిల్లల చికిత్సలో మూల సూత్రం. కాబట్టి పార్కుకు దగ్గర్లో పిల్లల క్యాన్సర్ చూసే ఆసుపత్రి ఎక్కడుందో, దాని అత్యవసర విభాగానికి ఏ గేటు నుంచి వెళ్లాలో బయల్దేరే ముందే తెలిసి ఉండాలి.

ఇంకో రెండు సంగతులు. మెథోట్రెక్సేట్, కోట్రైమాక్సజోల్ వాడే పిల్లల చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. పొడుగు చేతుల పల్చటి చొక్కా, వెడల్పు అంచు టోపీ వేసి, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని క్రీము రెండు గంటలకోసారి రాయండి. అలాగే, పాప పక్కన కూర్చున్న పిల్లవాడికి చికెన్‌పాక్స్ అని తర్వాత తెలిస్తే, ఒంటిమీద పొక్కులు వచ్చేదాకా ఆగొద్దు. ఆ రోజే ఫోన్ చేయాలి. రక్షణనిచ్చే ఇంజెక్షన్ మొదటి నాలుగు రోజుల్లో ఇస్తేనే ఎక్కువ ఫలితం. పొక్కులు బయటపడేది 10 నుంచి 21 రోజులకు.

ప్రశ్న: బాబుకు మూడేళ్లు, ఛాతీ మీద హిక్‌మన్ లైన్ (మందులు ఎక్కించే గొట్టం) ఉంది. నీళ్ల రైడ్లు చూపిస్తే దిగుతానంటాడు. లైన్‌కు ప్లాస్టిక్ కవర్ చుట్టి దింపొచ్చా?

జవాబు: వద్దు. లైన్ బయటకు వచ్చే రంధ్రం నేరుగా గుండె దగ్గరి పెద్ద రక్తనాళానికి దారి. పార్కుల్లో నీళ్లు తిరిగి తిరిగి అవే వస్తుంటాయి, క్లోరిన్ వేసినా సూడోమోనాస్ లాంటి క్రిములు పైపుల్లో బతకగలవు. ప్లాస్టిక్ కవర్ అంచు చెమటకు ఊడిపోతుంది, లోపలికి దూరిన నీళ్లు బయటకు పోవు. పూర్తిగా తడవడం కంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే డ్రెస్సింగ్ తడిసిన సంగతి గంటల తరబడి ఎవరికీ తెలియదు. నేల మీంచి చిమ్మే ఫౌంటెన్లూ ఇదే లెక్క. చేతి నుంచి వేసే ఇలాంటి గొట్టం, పిక్ లైన్ ఉన్నా ఇంతే. చర్మం లోపల పోర్ట్ (సూది గుచ్చి మందు ఎక్కించే చిన్న డబ్బీ) ఉండి, సూది తీసేసి, ఆ గుచ్చిన చోటు మానిపోయి ఉంటే మాత్రం చాలా ఆసుపత్రులు నీళ్లకు ఒప్పుకుంటాయి.

నీళ్ల కంటే జనం మర్చిపోయేది భుజాల మీదుగా దిగే సేఫ్టీ బార్. అది సరిగ్గా పోర్ట్ మీద, లైన్ మీద నొక్కుతుంది. నడుము దగ్గర మాత్రమే పట్టే బార్ ఉన్న రైడ్లే ఎంచుకోండి. లైన్ కొసలను బనీను లోపల చుట్టి, మెడలో వేసే చిన్న సంచిలో పెట్టి, ఆ పైన జిప్పు లేని చొక్కా వేయండి.

బ్యాగులో పళ్లు లేని క్లాంప్ రెండు, శుభ్రమైన గాజ్ గుడ్డ, కొత్త డ్రెస్సింగ్ సెట్ ఒకటి ఉండాలి. లైన్ తెగితే, తెగిన చోటుకూ ఒంటికీ మధ్యన క్లాంప్ వేయాలి. క్లాంప్ అందకపోతే ట్యూబును మడిచి వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకోండి. ఆలస్యమైతే రక్తం పోవడమే కాదు, గాలి లోపలికి పోతుంది. మొత్తం లైన్ బయటకు వచ్చేస్తే, బయటి రంధ్రం దగ్గరా, దానిపైన మెడ దగ్గర అది రక్తనాళంలోకి దిగిన చోటా గాజ్ గుడ్డతో నొక్కిపెట్టి పిల్లవాణ్ని పడుకోబెట్టండి. రెండు సందర్భాల్లోనూ తర్వాత ఆసుపత్రికే, రైడ్లకు కాదు.

ప్రశ్న: మాస్కు పెడితే పీకేస్తుంది. వయసు రెండున్నర. మాస్కు లేకుండా తీసుకెళ్లడం తప్పా?

జవాబు: రెండేళ్ల లోపు పిల్లలకు మాస్కే వద్దు. మీ పాప వయసులో పెట్టొచ్చుగానీ, ఏడ్చి తడిసిన మాస్కు వల్ల ఉపయోగం లేదు. దాని బదులు చోటు ఎంచుకోండి: ఆరుబయట తిరిగే రైడ్లకు వెళ్లండి, కప్పు కింద మెలికలు తిరిగే క్యూలు, మూసి ఉన్న షో హాళ్లు వదిలేయండి. చేతుల సంగతి ఇంకా ముఖ్యం. రైడ్ పట్టుకునే కడ్డీని వందలమంది పట్టుకుంటారు, ఆ చేయి నోట్లోకి వెళ్తుంది. ఆల్కహాల్ 60 శాతం పైన ఉన్న శానిటైజర్ రైడ్‌కు రైడ్‌కు మధ్య సరిపోతుంది. తినేముందు మాత్రం సబ్బూ నీళ్లే, ఎందుకంటే వాంతులు విరేచనాలు తెప్పించే నోరోవైరస్ శానిటైజర్‌కు సరిగా లొంగదు.

ప్రశ్న: అయిదేళ్ల బాబుకు ఒకే జఠరిక ఉన్న గుండె. ఫాంటాన్ ఆపరేషన్ అయింది, వార్ఫరిన్ వాడుతున్నాం. ప్రతి రైడ్ దగ్గరా "గుండె జబ్బున్నవారు ఎక్కరాదు" అని బోర్డు ఉంటుందట. మరి వెళ్లి ఏం లాభం?

జవాబు: ఆ బోర్డు అన్ని రకాల గుండె జబ్బులకూ కలిపి రాసింది. దాన్ని కాదని ఏదీ ఎక్కించకండి. కానీ అలాంటి బోర్డు లేని రైడ్లు చిన్నపిల్లల విభాగంలో బోలెడుంటాయి: మెల్లగా తిరిగే గుర్రాలు, రైలు, పడవ. పార్కు వెబ్‌సైట్లో ఒక్కో రైడ్‌కూ ఉన్న హెచ్చరికలు ప్రింట్ తీసి, రైడ్ వీడియోలతో సహా మీ కార్డియాలజిస్టుకు చూపించి టిక్కులు పెట్టించుకోండి. "రైడ్లు ఎక్కొచ్చా డాక్టర్?" అని గుండుగుత్తగా అడిగితే జాగ్రత్త కోసం వద్దనే అంటారు. పేరు పేరునా అడిగితే పేరు పేరునా జవాబు వస్తుంది.

బాబు విషయంలో రైడ్ కంటే ఎండే పెద్ద శత్రువు. ఫాంటాన్ తర్వాత రక్తం గుండె తోయకుండానే, సిరల్లోని ఒత్తిడితోనే ఊపిరితిత్తులకు చేరుతుంది. ఒంట్లో నీరు తగ్గితే ఆ ప్రవాహం మందగించి, కళ్లు తిరగడం మొదలుకొని గడ్డకట్టడం దాకా వస్తుంది. దాహమేస్తే తాగించడం కాదు, గడియారం చూసి తాగించాలి. ఎంత అన్నది డాక్టరు చెప్పాలి, ఎందుకంటే కొందరు పిల్లలకు నీటి మీద పరిమితి ఉంటుంది. అవే రోజుల్లో వాంతులో విరేచనాలో ఉంటే ప్రయాణం వాయిదా వేయండి.

వార్ఫరిన్ రక్తాన్ని తేలిగ్గా గడ్డకట్టనివ్వదు కాబట్టి, తలకు గట్టి దెబ్బ తగిలితే బాబు మామూలుగానే ఆడుకుంటున్నా స్కాన్ అవసరమేమో ఆసుపత్రిలో తేల్చుకోవాలి. పేస్‌మేకర్ కూడా ఉంటే అయస్కాంత శక్తితో నడిచే లేదా ఆగే రైడ్ల గురించి విడిగా అడగండి. ఆక్సిమీటర్ చల్లటి వేళ్ల మీద తప్పు అంకె చూపిస్తుంది. చేతులు వెచ్చబరచి మళ్లీ చూడండి. బాబుకు మామూలుగా ఉండే అంకె ఎంతో రాసి పెట్టుకుంటే, కొత్త డాక్టరు కంగారు పడకుండా పోల్చుకోగలుగుతారు.

ప్రశ్న: మా పాపకు ఊపిరితిత్తుల జబ్బు. నిమిషానికి ఒక లీటరు ఆక్సిజన్ మీద ఉంది. ఎన్ని సిలిండర్లు తీసుకెళ్లాలి?

జవాబు: సిలిండర్‌లో ఉన్న లీటర్లను నిమిషానికి వాడే లీటర్లతో భాగించండి. 425 లీటర్ల చిన్న సిలిండర్ నిమిషానికి ఒక లీటరు చొప్పున ఏడు గంటలు వస్తుంది. కాగితం మీద లెక్క ఇది. పార్కులో అలసట, ఉత్సాహం, ఎండ కలిసి ఫ్లో రెండుకు పెంచాల్సి వస్తే అదే సిలిండర్ మూడున్నర గంటలకే ఖాళీ. అందుకే లెక్క ఎక్కువ ఫ్లోకి కట్టి, వచ్చిన గంటల్లో మూడో వంతు దారి ట్రాఫిక్‌కు వదిలేయండి. గేజ్ ముల్లు సగానికి రాగానే బయటకు నడవడం మొదలుపెట్టాలి.

బ్యాటరీతో నడిచే కాన్సంట్రేటర్ కొనాలనుకుంటే ఒక చిక్కుంది. చాలా చిన్న మోడళ్లు శ్వాస పీల్చినప్పుడు మాత్రమే ఆక్సిజన్ వదులుతాయి. చిన్నపిల్లల శ్వాస ఎంత సన్నగా ఉంటుందంటే యంత్రం దాన్ని గుర్తించకపోవచ్చు. ఆగకుండా వదిలే మోడల్ కావాలి, పాప మీద ఆసుపత్రిలోనే ప్రయత్నించి చూడాలి. సిలిండర్‌ను చాలా రైడ్లలోకి అనుమతించరు. ఎంతసేపు తీసి ఉంచొచ్చో డాక్టరు నిమిషాల్లో చెబితేనే తీయండి. మంటలు ఎగసే షోలు, బాణసంచా, సిగరెట్లు తాగే చోట్ల దగ్గరికి ఆక్సిజన్‌తో వెళ్లొద్దు.

ప్రశ్న: క్యూలో గంట నిలబడలేడు. జబ్బున్న పిల్లలకు వేరే దారి ఉంటుందా? పార్కువాళ్లకు ముందే చెప్పాలా?

జవాబు: చెప్పాలి. గేటు దగ్గర కాదు, కనీసం రెండు మూడు వారాల ముందు ఈమెయిల్‌లో. చాలా పెద్ద పార్కుల్లో క్యూలో నిలబడకుండా సమయం రాసిచ్చే పాస్ ఉంటుంది. ఆ సమయానికి వెళ్తే చాలు. కొన్ని పార్కులు ఇంటి నుంచే వీడియో కాల్‌లో మాట్లాడి పాస్ ఇస్తాయి. ఇక్కడ జబ్బు పేరు చెప్పి ఊరుకుంటే పని కాదు. "పది నిమిషాలకు మించి నిలబడలేడు, ఎండలో ఉండకూడదు, రెండు గంటలకోసారి మందు ఎక్కించాలి" అని ఏం చేయలేడో చెప్పండి. తోబుట్టువులు ఎక్కాలనుకునే పెద్ద రైడ్లకు తల్లిదండ్రులు ఒకరి తర్వాత ఒకరు, మళ్లీ క్యూ కట్టకుండా ఎక్కే ఏర్పాటు కూడా అడగండి.

స్ట్రాలర్ వాడుతుంటే దాన్ని వీల్‌చైర్‌గా పరిగణించే ట్యాగ్ అడగండి. లేకపోతే ప్రతి రైడ్ ముందు బయట వదిలేయమంటారు, మందులతో సహా. నడవగలిగే పిల్లవాడికైనా స్ట్రాలర్ తీసుకెళ్లండి. మధ్యాహ్నానికి అది మంచం అవుతుంది.

డాక్టరు ఉత్తరం ఒక్క పేజీ చాలు. జబ్బు పేరు, బరువు కిలోల్లో, మందులు మిల్లీగ్రాముల్లో, పడని మందులు, ఒంట్లో ఉన్న పరికరాలు, అత్యవసరంలో ముందు ఏం చేయాలి, ఫోన్ నంబరు. సూదులు, సిరంజిలు, ద్రవాలు తనిఖీలో ఆగకుండా ఉండాలంటే మందులు అసలు డబ్బాల్లోనే ఉండాలి. ఐస్ ప్యాక్ మీద మందు నేరుగా పెడితే గడ్డకట్టి పాడవుతుంది, ముఖ్యంగా ఇన్సులిన్. మధ్యలో గుడ్డ చుట్టండి.

ఎత్తు నిబంధనకు మాత్రం ఏ పాసూ పనికిరాదు. 102, 112, 122 సెంటీమీటర్ల గీతలు చాలాచోట్ల కనిపిస్తాయి. అవి సీటు, బార్ కొలతల్ని బట్టి పెట్టినవి. ఏళ్ల తరబడి స్టీరాయిడ్లు, కీమో వాడిన పిల్లలు ఈడు పిల్లల కంటే పొట్టిగా ఉండొచ్చు. ఇంట్లోనే కొలిచి, ఎక్కగలిగే రైడ్ల పేర్లే పిల్లవాడి ముందు ఎత్తండి. గీత దగ్గర నిలబెట్టి వెనక్కి పంపితే ఆ రోజు పాడైపోతుంది. గీత దాటినా ఒకటి గమనించండి: ఇద్దరికీ కలిపి ఒకే బార్ ఉంటే అది పెద్దవాళ్ల తొడ దగ్గరే ఆగిపోతుంది, పక్కన సన్నటి పిల్లవాడికి జానెడు ఖాళీ మిగులుతుంది. నడుము నిలవని పిల్లలు ఆ ఖాళీలోంచే జారతారు. విడివిడి బార్‌లున్న రైడ్‌కే వెళ్లండి.

ప్రశ్న: మెదడులో నీరు చేరితే షంట్ (ఆ నీటిని బయటకు మళ్లించే గొట్టం) వేశారు. ఫిట్స్‌కు మందు వాడుతున్నాం. మెరిసే లైట్లున్న రైడ్లు ఎక్కించొచ్చా?

జవాబు: మెరుపుల వల్ల ఫిట్స్ వచ్చేది ఫిట్స్ ఉన్నవారిలో కొద్దిమందికే. మీ పాప ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) రిపోర్టులో ఆ సంగతి ఉంటుంది, అడగండి. ఉందంటే, సెకనుకు 15 నుంచి 25 సార్లు మెరిసే లైట్లు ఎక్కువ ప్రమాదం. అనుకోకుండా ఎదురైతే అరచేత్తో ఒక కన్ను పూర్తిగా మూసి తల పక్కకు తిప్పండి. కళ్లు రెండూ మూసుకోమంటే సరిపోదు, రెప్పల్లోంచి వెలుగు దూరుతూనే ఉంటుంది. అయితే పార్కులో ఫిట్స్‌కు లైట్ల కంటే మామూలు కారణాలే ఎక్కువ: తెల్లవారుజామున లేపడం, డోసు తప్పడం. మందు వేళకు ఫోన్‌లో అలారం పెట్టండి. ఫిట్ అయిదు నిమిషాలు దాటితే వేయాల్సిన మిడజోలాం ఎప్పుడూ పాప పక్కనున్నవాళ్ల దగ్గరే ఉండాలి, లాకర్‌లో కాదు.

షంట్ ఉన్న తలకు విసురుగా ఊగే కోస్టర్లు వద్దు, మెదడు పొరల కింద రక్తస్రావం జరగొచ్చు. వాల్వ్‌ను బయటి నుంచి సరిచేసే రకమైతే అయస్కాంతం ఉన్న బొమ్మలు, హెడ్‌ఫోన్లు తలకు దగ్గరగా రానివ్వకండి, సెట్టింగ్ మారిపోవచ్చు. ఆ తర్వాత తలనొప్పి, వాంతులు, మగత కనిపిస్తే అలసట అని సరిపెట్టుకోవద్దు.

ప్రశ్న: పిల్లల కోరికలు తీర్చే సంస్థకు పేరు రాయిద్దామంటే మావారు ఒప్పుకోవడం లేదు. "అంటే ఇక ఆశ లేదనా?" అంటున్నారు. ఇంకో సంగతి, నొప్పికి పాప మార్ఫిన్ సిరప్ మీద ఉంది. తీసుకెళ్లడం సాధ్యమేనా?

జవాబు: ఆ భయం చాలా ఇళ్లలో ఉంటుంది. 1980లో అమెరికాలో మొదలై ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్న మేక్-ఎ-విష్ సంస్థ ప్రాణాంతకం కాగల జబ్బున్న పిల్లల్ని తీసుకుంటుంది. నయమై పెద్దవాళ్లైనవారు అందులో ఎందరో. పేరు రాయించడం వల్ల చికిత్సలో ఏమీ మారదు. దరఖాస్తు తర్వాత డాక్టరు అనుమతి అడుగుతారు కాబట్టి సమయం పడుతుంది, ముందే మొదలుపెట్టండి.

మార్ఫిన్ మీద ఉన్న పాపను తీసుకెళ్లడం సాధ్యమే. నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ పనిచేయడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. కారు దిగాక నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా, డాక్టరు రాసిచ్చిన అదనపు డోసు ఎప్పుడివ్వాలో ప్రయాణాన్ని బట్టి ముందే అడిగి రాసుకోండి. మిగతా డోసులు అనుకున్న వేళకే. మార్ఫిన్ మందు చీటీ, సీసా మీద లేబుల్ వెంట ఉండాలి. పడిపోతే పగలని చిన్న సీసాలో కొంత మందు విడిగా పెట్టమని ఫార్మసీలో అడగండి. అత్యవసరంలో ఏ చికిత్సలు కావాలి, ఏవి వద్దు అని మీరూ డాక్టర్లూ కాగితం మీద రాసుకుని ఉంటే దాన్ని తప్పకుండా తీసుకెళ్లండి. అంబులెన్స్ వచ్చాక వాదించుకునే పరిస్థితి రాకూడదు.

రోజంతా ఉండాలన్న పట్టుదల వద్దు. పాపను ఒకటే అడగండి: "ఒక్కటే చేయొచ్చంటే ఏం చేస్తావు?" అది గేటు తెరిచిన గంటలోపే చేసేయండి. తర్వాత ఏది కుదరకపోయినా చేయాల్సింది చేసినట్టే. అది ఎత్తైన రైడ్ కాకుండా ఒక బొమ్మ వేషంతో ఫోటో కావచ్చు, ఐస్‌క్రీమ్ కావచ్చు. మీరనుకున్నది కాదని మార్చే ప్రయత్నం చేయొద్దు.

ప్రశ్న: పొట్టకు ఫీడింగ్ ట్యూబు ఉంది. పార్కులో ఊడిపోతే ఏం చేయాలి?

జవాబు: రంధ్రం గంటల్లోనే కుంచించుకుపోతుంది, కాబట్టి అదే సైజు ట్యూబు ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి వెంట ఉండాలి. ఆపరేషన్ అయి రెండు మూడు నెలలు దాటి, మీకు నేర్పి ఉంటే జెల్ రాసి మెల్లగా పెట్టండి, బలవంతం చేయొద్దు. పెట్టాక పొట్టలోంచి ద్రవం వెనక్కి లాగి పీహెచ్ పట్టీతో (ఆమ్లత్వం చూపే కాగితం) చూసి, 5.5 లోపు ఉంటేనే ఫీడ్ ఇవ్వండి. ఆపరేషన్ కొత్తదైతే మీరు ఏదీ దూర్చకూడదు, శుభ్రమైన గాజ్ గుడ్డ కప్పి ఆసుపత్రికి వెళ్లాలి. పొడితో కలిపిన ఫీడ్ నాలుగు గంటలు దాటితే పారేయండి, ఎండలో అంతకంటే ముందే. పంపు బ్యాటరీ ముందురోజు రాత్రి నిండా చార్జ్ చేసి, పార్కులో చార్జింగ్ ఎక్కడుందో ప్రథమ చికిత్స గదిలో అడగండి. ట్యూబు మార్చుకోవడానికి, పడుకోబెట్టడానికి కూడా సాధారణంగా ఆ గదే వాడుకోనిస్తారు.